లీలక్క బొట్టు

జనగామ స్టేషన్ రోడ్డులో మా దుకాణానికి బోర్డు మీద ఒక పేరుంది, జనం నోళ్లలో ఇంకో పేరుంది. బోర్డు మీదిది మా మామగారు సోమనర్సయ్య పెట్టించింది. జనం మాత్రం "లీలక్క దుకాణం" అంటారు. గాజులు, రిబ్బన్లు, పిన్నీసులు, కాటుక, బొట్టు బిళ్లలు, ఆడవాళ్లకు కావలసిన చిల్లర సామానంతా మా దగ్గర దొరుకుతుంది. చుట్టుపక్కల ఊళ్ల చిన్న దుకాణాలకు హోల్‌సేల్‌గా కూడా వేస్తాం. లీలక్క అంటే లీలావతి, మా బావ రాజేశం భార్య, నాకు యారాలు. నేను ఆ ఇంటి చిన్న కోడలు సునందను. దుకాణంలో గాజుల వైపు నేను కూర్చుంటాను, బొట్టు బిళ్లల వైపు ఆమె. మగవాళ్లిద్దరూ వెనక గోదాములో మూటలు కట్టిస్తుంటారు, అసలు వ్యాపారమంతా అక్కడే జరుగుతున్నట్టు.

లీలక్క పుట్టిల్లు చిట్యాల. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆమె చోటు ఆ కౌంటరే. కొడుకు నితిన్‌ను కన్నాక తొట్టెల కూడా దుకాణంలోనే కట్టించింది. నాకు ముక్కు మీద కోపం. బిళ్లల అట్టలన్నీ తీయించి, బేరమాడి, ఉత్త చేతులతో వెళ్లిపోయేవాళ్లను చూస్తే ఒళ్లు మండి నోటికొచ్చింది అనేస్తాను. ఆమె అలా కాదు. "మల్ల రా బిడ్డా" అని నవ్వి, అట్టలు సర్దుకుంటుంది. ఎవరి ముఖానికి ఏ బిళ్ల నప్పుతుందో చూసీచూడగానే చెప్పేది. "నీది కోల మొకం, గుండ్రంది పెట్టుకో, నిలువుది వద్దు" అంటే ఆ పిల్ల అద్దంలో చూసుకుని మురిసిపోయేది. లీలక్క నొసలు విశాలం. దాని మధ్యలో ముదురు ఎర్రటి గుండ్రటి బిళ్ల. ఆ ముఖం చూసే సగం మంది మా దుకాణం ఎక్కేవాళ్లు. ఇందులో అబద్ధం లేదు.

మా అత్త అండాళమ్మ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మామగారు పోయి ఇరవై ఏళ్లు దాటింది. అప్పటి నుంచి ఆమె నొసలు బోసి. కానీ సరిగ్గా బొట్టు ఉండాల్సిన చోట బిళ్లంత తెల్లటి మచ్చ ఒకటి గుండ్రంగా ఉంది. ఏండ్ల తరబడి బొట్టు పెట్టుకున్న చోటు కదా, ఎండ తగలక తెల్లబడిందని ఇంట్లో అందరం అనుకున్నాం. మా బావైతే ఇంటికొచ్చిన చుట్టాలకు ఆ మచ్చ చూపించి, "మా బాపు ఇంకా మా అవ్వ నొసట్ల ఉన్నడు" అని కండ్లు తుడుచుకునేవాడు. చుట్టాలు దండం పెట్టేవాళ్లు. అత్త మాత్రం కొంగు నొసటి మీదికి లాక్కునేది. బాధ పడుతోందనుకునేవాళ్లం.

నితిన్‌కు మానుకోటలో, అదే మహబూబాబాద్‌లో, సంధ్య అనే అమ్మాయితో సంబంధం ఖాయమైంది. ఆ రోజుల్లోనే నేను ఒకటి గమనించాను. లీలక్క మాట్లాడుతూ మాట్లాడుతూ వేలి కణుపుతో బొట్టు చుట్టూ రుద్దుకుంటోంది. ఏందక్కా అంటే చెమట అంది. చలికాలంలో చెమటేంది అంటే నవ్వి ఊరుకుంది. ఆ తర్వాత ఆమె బొట్టు సైజు పెరగడం మొదలైంది. శనగ గింజంత ఉండేది పావలా బిళ్లంత అయింది. పావలా బిళ్లంతది ఇంకా పెద్దదైంది.

"ఏందక్కా, నొసట్ల బండి గిల్ల వెట్టుకున్నవ్?" అన్నాను ఒకరోజు, అది బండి చక్రమంత ఉందని.

"పెండ్లికొడుకు తల్లిని గదనే! జర దూరం నుంచి కనవడాలె" అంది.

ఆమె అలా పెట్టుకుంటే జనం కూడా అలాగే అడగడం మొదలుపెట్టారు. "లీలక్క బొట్టు అట్ట ఇయ్యి" అని కాలేజీ పిల్లలు సైతం వచ్చేవాళ్లు. హైదరాబాద్ నుంచి ఆ సైజు ప్రత్యేకంగా తెప్పించాం. మా బావ సంతోషం చెప్పతరం కాలేదు. నాకు మాత్రం ఏదో తిరకాసు ఉందనిపించేది.

ఒకసారి వంటింట్లో వెనక్కి తిరిగి నొసటికి నిమ్మచెక్క రుద్దుకుంటూ దొరికింది. ఇంకోసారి వేపాకు ముద్ద. ఆమె దిండు కింద మెడికల్ షాపు ట్యూబు కనబడింది. "దురదకు ఇచ్చిండు, రాస్తే మాయమైతది, ఆపితే డబల్ అయితది" అంది. దురద అన్న మాట అత్త చెవిన పడింది. ఇంకేముంది, వంకాయ బందు, గోంగూర బందు, పల్లీలు బందు. ఒకరికి దురద వస్తే ఇంటిల్లిపాదికీ పత్యం. వంకాయ లేని వంట వండి వండి నాకు విసుగు పుట్టింది. లీలక్క దురద మాత్రం ఇసుమంత తగ్గలేదు.

మా బాత్‌రూం అద్దం మీకు చూపించాలి. దాని అంచు పొడుగునా లీలక్క బొట్లే. స్నానానికి వెళ్లేటప్పుడు బిళ్ల తీసి అద్దానికి అంటిస్తుంది, స్నానమయ్యాక అదే తీసి మళ్లీ నొసటికి. జిగురు తగ్గినవి అద్దం మీదే ఉండిపోతాయి. పొద్దున ఒకరోజు గీజర్ ఆఫ్ చేయమని చెప్పడానికి తలుపు కొట్టాను. ఏం పని పడిందోనని ఆమె తలుపు తీసింది. నొసటి మీద బిళ్ల లేదు. అన్నేండ్ల కాపురంలో ఆ నొసలు ఉత్తగా చూడటం నాకు అదే మొదలు.

అమ్మో! పెద్ద బిళ్ల ఉండాల్సిన చోటంతా పచ్చి పుండులా ఎర్రగా ఉంది. అంచుల వెంట చర్మం పగిలి రసి కారుతోంది. ఆ ఎరుపు మధ్యలో పాలచుక్క పడ్డట్టు తెల్లటి మచ్చ.

"అక్కా, బొల్లి!" అని అరిచేశాను.

ఆమె తడి చేత్తో నా నోరు మూసింది. "నీ కాళ్లు మొక్కుత సునందా, ఎవ్వలకు చెప్పకు. పెండ్లి అయినంక సూస్కుందాం. మానుకోటోళ్లకు తెలిస్తె సంబంధం ఇడిసిపెడ్తరు. నా బొల్లి నా కొడుక్కు గూడ వస్తదంటరు. గందుకే గీ పెద్ద బిళ్ల పెట్టి కప్పుకుంటున్న."

అప్పుడు తెలిసింది నాకు, బొట్టు ఎందుకు పెరుగుతూ వచ్చిందో. నేనేమో బండి గిల్ల అని ఎగతాళి చేశాను. ఏడుపొచ్చింది, దాని వెంట కోపమూ వచ్చింది. నోరు మూసుకోమంటే మూసుకునే రకం కాదు నేను. పెళ్లి చీరలు చూసొస్తామని అత్తకు చెప్పి, లీలక్క రెక్క పట్టుకుని చర్మం డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను.

డాక్టరు పేరు సింధూజ. మా నితిన్ కంటే నాలుగేండ్లు పెద్దదేమో, అంతే. బొట్టు తీయమంది. లీలక్క తలుపు వైపు చూసింది, నా వైపు చూసింది, చివరికి తీసింది. డాక్టరమ్మ లైటున్న భూతద్దం పెట్టి చూసింది. చేతులు, మోచేతులు, చెవుల వెనక, పెదాల చుట్టూ, అన్నీ చూసింది. ఏం సబ్బు, ఏం నూనె, జుట్టుకు రంగు వేస్తారా, ముఖానికి ఏం రాస్తారు అని అడిగింది. ట్యూబు చూపిస్తే ముఖం చిట్లించింది. తర్వాత లీలక్క వేలి మీదున్న బిళ్లను తీసుకుని వెనక్కి తిప్పి చూసింది.

"ఇదే" అంది.

"ఏది?" అన్నాను.

"ఈ బిళ్లే. దీని వెనక జిగురుంది చూడండి, అందులో కలిపే మందు కొందరి ఒంటికి పడదు. అందరికీ అట్ల కాదు, కొందరికే. ముందు దురద వస్తుంది. అయినా పెట్టుకుంటూ పోతే పుండవుతుంది. ఇంకా పోతే అక్కడ చర్మం రంగు కూడా పోతుంది. మీరు బిళ్ల పెద్దది చేసినకొద్దీ మచ్చ పెద్దదైంది."

మేం అట్టలకు అట్టలు అమ్మే సరుకు! పొద్దున లేస్తే మా చేతుల్లో ఉండేదే అది! లీలక్క కప్పుకోవడానికి వాడిందే ఆమెను కాల్చుకు తిన్నది. వంకాయను తిట్టాం, గోంగూరను తిట్టాం, ఆ బిళ్లను అనుమానించిన పాపాన ఒక్కరం పోలేదు.

"బొల్లి కాదా అమ్మా?" అంది లీలక్క.

"ఒంట్లో ఇంకెక్కడా మచ్చ లేదు, బిళ్ల అంటుకున్న చోటే ఉంది. బిళ్లతో వచ్చిందే ఇది. తగ్గినాక వీపు మీద చిన్న పరీక్ష చేసి ఖాయం చేసుకుందాం. ఇంకో సంగతి, బొల్లి అయినా అది అంటుకునే జబ్బు కాదు. దానికి భయపడి పెండ్లిళ్లు ఆపుకునుడేంది?" డాక్టరమ్మ కాగితం మీద మందులు రాస్తూ చెప్పింది. బిళ్ల పూర్తిగా మానేయాలి. మెడికల్ షాపు ట్యూబు పారేయాలి. అందులో బలమైన స్టెరాయిడ్ ఉంది, అది దురదను అణచిపెట్టడంతో ఈమె మళ్లీ అదే బిళ్ల అంటించుకుంటూ వచ్చింది. తాను రాసిన ఆయింట్‌మెంట్ చెప్పినన్ని రోజులే పలచగా రాయాలి, చర్మం ఎండిపోకుండా వాసన లేని క్రీము రాయాలి. నిమ్మకాయ, వేపాకు ముట్టుకోవద్దు. వంకాయ హాయిగా తినొచ్చు. రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది, మొత్తం వస్తుందని మాట ఇవ్వలేను అని కూడా చెప్పింది.

లీలక్క ఒక్కటే అడిగింది. "కుంకుమ?"

"పుండు మానేదాక నొసటి మీద ఏదీ వద్దమ్మా. కుంకుమలో కూడా రంగులు కలుస్తున్నయి. తర్వాత ముంజేయి మీద రాసి చూసి, పడితే పెట్టుకోండి."

"నొసలు బోసిగనా?" అంది లీలక్క. బొల్లి కాదంటే సంతోషించాల్సింది పోయి, ఉరిశిక్ష వేసినట్టు చూసింది.

ఇంటికొచ్చి నేనే చెప్పాను, దాచాల్సిన పని ఏముందని. అత్త అన్నం ముందు నుంచి లేచింది.

"నా కొడుకు రాయోలె ఉన్నడు. వాడు బతికుండంగ నా కోడలు బోసి నొసలుతోని తిరుగుతదా? గీ ఇంట్ల ముండమోసిందాన్ని నేనొక్కదాన్ని సాలనా?"

"అత్తా, డాక్టరమ్మ చెప్పింది..."

"డాక్టరమ్మకేం తెలుసే! నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల! కొడుకు పెండ్లి వెట్టుకోని తల్లి బొట్టు తీస్తదా? నాలుగొద్దులు దురద వెడ్తె ఓర్సుకోరాదా? నేను ఓర్సుకోలే?"

ఆ చివరి మాట నేను విన్నాను. విని వదిలేశాను. దురద అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఉంటుంది కదా అనుకున్నాను.

మా బావ కంచంలోకి చూస్తూ, "బిళ్లలమ్మేటామెకే బిళ్ల లేకుంటె కొననీకి వచ్చినోళ్లు ఏమనుకుంటరు" అని గొణిగాడు. మా ఆయన మధుకర్ మజ్జిగ పోయమన్నాడు. ఇదీ మగవాళ్ల సంగతి. మర్నాడు పొద్దున లీలక్క నొసట మళ్లీ పెద్ద బిళ్ల. నేను ఆమెతో మాట్లాడటం మానేశాను. గాజుల అట్టలు ఎంత గట్టిగా కొట్టి సర్దానో నాకే తెలుసు.

పెళ్లి దగ్గర పడింది. ఒకరోజు లీలక్క లేచేసరికి కనురెప్పలు ఉబ్బి కండ్లు మూసుకుపోయాయి. నొసటి నుంచి రసి కారి బిళ్ల చర్మానికి అతుక్కుపోయింది, లాగితే ఊడి రాలేదు. ఇప్పుడు ఆటో పిలిచింది మా అత్తే. "నేనొస్త. బొట్టు తీయకుంట మందియ్యమని నేనే అడుగుత ఆ పిల్లను" అని మా కంటే ముందు ఎక్కి కూర్చుంది.

డాక్టరమ్మ నన్ను చూసి తల అడ్డంగా ఊపింది, తిట్టలేదు. దూదిని మందునీళ్లలో ముంచి, నానబెట్టి నానబెట్టి బిళ్లను ఊడదీసింది. లీలక్క కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. అత్త పక్కనే నిలబడి అందుకుంది.

"బిడ్డా, మాది ఇజ్జత్ గల్ల కొంప. పెండ్లిల తల్లి నొసలు బోసిగుండొద్దు. నువ్వు సూదే ఏస్తవో, గోలీలే ఇస్తవో..."

చెబుతూ చెబుతూ దగ్గరికి వంగింది. కొంగు జారింది. డాక్టరమ్మ అత్త నొసటి వైపు చూసి, భూతద్దం లైటు అటు తిప్పింది.

"అమ్మా, మీకెన్నేండ్లయింది ఇది వచ్చి?"

"అది మా అత్త బొట్టు చోటు డాక్టర్. మా మామగారి గుర్తు" అన్నాను నేను.

"బొట్టు చోటే. ఇది కూడ ఈ బిళ్ల పనే" అంది డాక్టరమ్మ. "దురద ఉండేనా అమ్మా?"

అత్త కొంగు లాక్కోబోయి ఆగిపోయింది. మెల్లగా అక్కడున్న స్టూలు మీద కూర్చుంది.

"ఉండె" అంది చివరికి. "మస్తు ఉండె. గప్పుడు బిళ్లలు కొత్తగ వచ్చినయి. ఆయనే పట్నం నుంచి తెచ్చిండు. మన దుకాణం సరుకు నువ్వే పెట్టుకోకుంటె ఎవలు కొంటరన్నడు. నెత్తురొచ్చేదాక గోక్కునేదాన్ని. ఆయన ముందల మాత్రం చెయ్యి గూడ లేపకపోయేదాన్ని. గట్లనే ఏండ్లు పోయినయి. ఒకనాడు ఆయన పోయిండు. అందరు కూడి బొట్టు తీసిన్రు, గాజులు పలగ్గొట్టిన్రు. నెల తిరగలే, నా నొసలు సల్లవడ్డది. దురద లేదు, మంట లేదు. సుఖంగ నిద్ర వట్టింది."

ఆమె వేలితో మచ్చను తడుముకుంది.

"మొగడు సస్తె నాకు సుఖమైంది బిడ్డా. నేనెంత పాపిష్టిదాన్ని, ఆయన పోతె నా పాణం నెమ్మదైంది అనుకున్న. గిసొంటి మాట ఎవలతోని చెప్తరు? అందరు ఏడుస్తుంటె నాకు సక్కగ ఏడుపు గూడ రాకపాయె. నా కొడుకు గీ మచ్చకు దండం వెట్టిపిస్తుంటె నా పాణం పోయినట్టే అయితది."

ఇరవై ఏండ్లు ఎండ తగిలినా ఆ చోటు తెల్లగానే ఎందుకుందని ఇంట్లో ఒక్కరికీ అనుమానం రాలేదు. దానికి దండాలు పెట్టించాం! ఆ మనిషి తన నొసటి మీదే ఆ నేరం మోస్తూ మా మధ్య తిరిగింది. లీలక్క మూసుకుపోయిన కండ్లతోనే అత్త చెయ్యి కోసం తడుముకుంది.

"ఆయన పోయినందుకు కాదమ్మా, బిళ్ల తీసినందుకు తగ్గింది" అంది డాక్టరమ్మ.

అత్త ఆ అమ్మాయి ముఖంలోకి చూసింది. "గంతేనా?"

"గంతేనమ్మా."

"ఆయనకు దీనికి ఏం సంబంధం లేదా?"

"లేదమ్మా. మీ తప్పేం లేదు."

అత్త లేచి, ట్రేలో ఉన్న ఆ తడి బిళ్లను రెండు వేళ్లతో తీసి చెత్తబుట్టలో వేసింది. మమ్మల్ని చూడకుండా వెళ్లి ఆటోలో కూర్చుంది. ఆటో స్టేషన్ రోడ్డు ఎక్కగానే ఒక్కసారిగా ఏడుపు అందుకుంది. "ఓ సోమనర్సయ్యా! నన్నిడిసి పోయినవా నర్సయ్యా!" అని రొమ్ము బాదుకుంటూ ఏడ్చింది. కాపురానికి వచ్చిన ఇన్నేండ్లలో ఆమె నోట మొగుడి పేరు నేను వినలేదు. ఓటరు లిస్టు రాసేవాళ్లు అడిగినా పిల్లలతో చెప్పించేది. ఆటో అతను బండి పక్కకు ఆపి, ఎవరైనా పోయారా అని నన్ను అడిగాడు. అవునన్నాను. ఎప్పుడు అన్నాడు. నువ్వు బండి పోనియ్యి అన్నాను.

లీలక్క మళ్లీ బిళ్ల ముట్టలేదు. వాపు తగ్గింది, దురద తగ్గింది, పుండు మాని లేత చర్మం వచ్చింది. తెల్లమచ్చ మాత్రం ఉంది. మా బావ అడగబోతే అత్త ఒకే ఒక్క చూపు చూసింది, ఆయన గోదాములోకి వెళ్లిపోయాడు. పెళ్లి నాటికి లీలక్క మచ్చను కప్పుకోలేదు. ముంజేతి మీద రాసి చూసుకున్నాక పాపిట్లో చిటికెడు కుంకుమ పెట్టుకుంది, అంతే.

మానుకోట ఫంక్షన్ హాల్లో ఎదురుకోళ్లకు నిలబడ్డాం. సంధ్య వాళ్ల నాయినమ్మ పసుపు, కుంకుమ పళ్లెం పట్టుకుని వచ్చి లీలక్క నొసటి ముందు చెయ్యి ఆపింది.

"గిదేందమ్మా, నొసట్ల గీ తెల్ల మచ్చేంది? బొట్టేది? పెండ్లికొడుకు నాయిన ఉన్నడు గదా?"

చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. లీలక్క తల దించుకుంది. నేను నోరు తెరిచేలోపే వెనక వరుస నుంచి మా అత్త వచ్చింది. మామగారు పోయిన దగ్గర్నుంచి ఏ శుభకార్యంలోనూ ముందుకు రాని మనిషి, కుర్చీలు తోసుకుంటూ వచ్చి ఆ పళ్లెం ముందు నిలబడింది. కొంగు వెనక్కి తీసి తన మచ్చ కూడా చూపించింది.

"నా కొడుకు ఆడ నిలవడ్డడు, సూడు. బిళ్ల జిగురు పడక మా ఇద్దరికి గిది అయ్యింది, గిది అంటుకునే రోగం గాదు. ఇగ బొట్టంటవా? పెట్టుకున్నంత మాత్రాన మొగడు ఉండడమ్మా, తీసినంత మాత్రాన పోడు. నేను రెండు జూసిన."

ఆ ముసలావిడ ఇద్దరి మచ్చలూ చూసింది. తర్వాత కుంకుమ అంటిన వేలు తుడుచుకుని, పసుపు ముట్టుకుని లీలక్క మెడకు రాసింది. పంతులు ముహూర్తం దాటుతోందని కేక వేశాడు, అందరం లోపలికి నడిచాం. అత్త ఈసారి వెనక వరుసలోకి పోలేదు, లీలక్క పక్కనే కూర్చుంది.